గుంటూరు లూథరను సంఘచరిత్ర యెవరిది?

ఒక పట్టణమున నూటయెనుబది యేండ్లకు పైబడి జీవించియున్న సమాజమును గూర్చి ఆ పట్టణమువారు నాలుగు మాటలు నిజముగా చెప్పలేకుండుట ఆ పట్టణమునకు తలవంపు. గుంటూరి లూథరను సంఘము విషయమున మనకు పట్టిన గతి యిదియే. 1842వ సంవత్సరము జూలై 31వ తేదీని హేయరను అమెరికా మిషనరీ గుంటూరు చేరినది మొదలు నేటివఱకు ఆ సంఘము ఈ యూరితో పాటు పెరిగినది. దాని బడులలో చదువుకొన్నవారో, దాని ఆస్పత్రిలో పుట్టినవారో ఒక్కరైన లేని యిల్లు ఇచటి పాత కాపురములలో అరుదు. అయినను ఆ సంఘము ఎట్లు పుట్టినది, ఎవరిచేత నిలిచినది యని అడిగినచో మనకు వినవచ్చునవి మూడు కథలు మాత్రమే. మొదటిది దొరకథ. రెండవది గంజికథ. మూడవది మౌనకథ. ఈ మూడును అసత్యములే యని మా వాదము. సంఘములోని వారు మొదటిదానిని, సంఘము వెలుపలివారు రెండవదానిని, ఇరువురును కలిసి మూడవదానిని ఇన్నాళ్లు పోషించిరి. మేము ఆ సంఘమునకు చెందినవారమా కామా యను ప్రశ్న యిచట అప్రస్తుతము. ఊరిచరిత్ర ఊరివారందఱిదియు గదా!

ముందుగా దొరకథను విచారింతము. జూబిలీ యుత్సవములయందు, స్మారకసంచికలయందు, శిలాఫలకములయందు కానవచ్చునది యిదియే. జాన్ క్రిస్టియను ఫ్రెడరికు హేయరు 1793లో జర్మనీదేశమున హెల్మ్‌స్టెడ్టు పట్టణమున జన్మించెను, బాల్యముననే అమెరికా చేరెను, నలువదితొమ్మిదవ యేట గుంటూరు వచ్చెను, మఱల స్వదేశమునకు పోయి వైద్యవిద్య నభ్యసించి 1847లో పట్టము గొని, మఱుసటి యేట తిరిగి వచ్చెను, పల్నాటిలో గురజాల మొదలగు తావుల పనిచేసెను, 1857లో మరలిపోయెను. రాజమహేంద్రవరపు మిషను మఱియొక సంఘము వశము కానున్నదని విని, డెబ్బదియాఱేండ్ల వృద్ధుడై 1869లో మూడవమాఱు సముద్రము దాటి వచ్చి, దానిని నిలిపి, స్వదేశము చేరి 1873లో కన్నుమూసెను. ఇది యెవరికైనను నమస్కరింపదగిన జీవితమే. ఈ వృద్ధుని యెడల మాకు గల గౌరవము ఉత్సవవక్తలకు గల గౌరవముకంటె తక్కువది కాదు.

కాని జీవితచరిత్ర వేఱు, సంఘచరిత్ర వేఱు. ఒకనికి నమస్కరించుట కొఱకు వేలమందిని మఱచుట న్యాయము కాదు. హేయరు గుంటూరు చేరిన నాటికి ఆయనకు తెలుగు రాదు. ఆయన తొలి ప్రసంగము దుబాసీ నోట వెలువడినది. గుంటూరున విన్న తొలి లూథరను బోధ తెలుగువాని పెదవులనుండి వచ్చిన తెలుగుమాటయే యనుట దీనివలన స్పష్టము. ఆ దుబాసీ ఏ మాటకు ఏ మాట వేసెనో, 'పాపము', 'కృప', 'రక్షణ' యను శబ్దములను మన భాషలో ఎట్లు నిలబెట్టెనో, వినువారు ఏ యర్థము గ్రహించిరో విచారించు చరిత్రకారుడు కావలెను. ఉత్సవవేదికలపై హేయరు పేరు నూఱుసార్లు మ్రోగును. దుబాసీ పేరు ఒక్కసారియు మాకు వినబడలేదు.

మఱియు దొరలలోనే అందఱికిని సమానముగా తావు దొరకలేదు. 1844లో వచ్చిన వాల్టరు గన్ను క్షయరోగముతో పోరాడుచు 1851లో గుంటూరులోనే మరణించెను. జర్మనీ ఉత్తరదేశపు మిషనువారు రాజమహేంద్రవరమున నాటిన పని 1850, 1851 ప్రాంతమున అమెరికావారి చేతికి వచ్చినది. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా అచటినుండి రావలసిన ద్రవ్యమును, మనుష్యులును సన్నగిల్లిరి. 1858లో వచ్చిన ఉనాంగ్‌స్టు గుంటూరు పొలమున కొన్నియేండ్లు ఏకాకిగా నిలువవలసి వచ్చెను. ఇచట చదువరులు ఒక్క క్షణము ఆలోచింపవలెను. ఒకే యొక దొర; గుంటూరునుండి పల్నాటి కొనవఱకు చెదరియున్న పల్లెలు; ఎద్దుబండి తప్ప వాహనము లేని కాలము; వానకాలమున అడుగు పెట్టరాని నల్లరేగడి దారులు. ఆ సంవత్సరములలో ఆదివారము ఆరాధన జరిపినదెవరు? చచ్చినవారిని పూడ్చినదెవరు? రాత్రివేళ దీపపు వెలుతురున కూలివాండ్ర బిడ్డలకు ఓనమాలు దిద్దించినదెవరు? లెక్క తెలిసిన బాలుడైనను దీనికి ప్రత్యుత్తర మీయగలడు. ఉపదేశులు చేసిరి, పల్లెబడి పంతుళ్లు చేసిరి, సంఘపెద్దలు చేసిరి. దొర లేని నాడును నిలిచిన సంఘమును దొరయే నిలిపెనని చెప్పుట తర్కమునకు నిలువదు.

ఇంకొక సంగతి. 1867 ప్రాంతమున అమెరికాలోని లూథరనులు సిద్ధాంతభేదముల మూలమున చీలిపోయిరి. ఆ చీలికనుబట్టి గుంటూరు ఒక మండలికిని, రాజమహేంద్రవరము మఱియొక మండలికిని పంచబడెను. 1918లో అమెరికాలో ఆ మండలులు మరల కలిసికొన్నపిమ్మట గాని ఇచటి రెండు మిషనులును ఒకే నీడ చేరలేదు. ఇంచుమించు అర్ధశతాబ్ది కాలము కృష్ణకు దక్షిణమున ఒకటి, గోదావరితీరమున ఒకటిగా తెలుగు లూథరనులు విడివడియుండుటకు కారణమైన కలహములో తెలుగువాడొక్కడును లేడు. వాని నడిగినవారును లేరు. అన్నదమ్ముల వాటాలలో పశువులను పంచుకొన్నట్లు సంఘములను పంచుకొనిరి. దొరకథ చెప్పువారు ఈ ఘట్టమును 'పాలనా సౌకర్యము' అను మాటతో దాటించుచున్నారు. మేము దీనిని ఆ చరిత్రలో గల పెద్ద పాఠములలో ఒకటిగా నెంచుచున్నాము. ధనము ఎచటనుండి వచ్చునో అధికారమును అచటనే యుండునని అది బోధించుచున్నది.

తెలుగుభాషకును లూథరనులకును గల సంబంధము హేయరుతో మొదలైనదియు కాదు. తరంగంబాడి లూథరను మిషనునకు చెందిన బెంజమిను షుల్జి పదునెనిమిదవ శతాబ్దపు పూర్వార్ధముననే చెన్నపట్టణమున తెలుగు నేర్చి, బైబిలు ననువదింప బూనెను. జర్మనీలో హాలే పట్టణమున 1746లో ఆయన యచ్చొత్తించిన చిన్న జ్ఞానోపదేశపుస్తకము తెలుగున అచ్చుపడిన తొలి గ్రంథములలో నొకటి. మన వాఙ్మయచరిత్రకారులు అచ్చుయంత్రము గూర్చి వ్రాయునప్పుడు ఈ సంగతిని ఒక పంక్తిలో ముగింతురు. సంఘమువారు హేయరునకు పూర్వము చీకటియే యన్నట్లు వ్రాయుదురు. ఇరువురి నడుమ ఒక నూఱేండ్ల కథ జారిపోయినది.

ఇక స్త్రీల విషయము. డాక్టరు అన్నా కుగ్లరు పేరెఱుగని గుంటూరువారు లేరు. ఆమె 1879లో వైద్యపట్టము గొనెను. 1883లో గుంటూరు వచ్చునాటికి ఆమెను పంపిన మండలి ఆమెను వైద్యురాలిగా పంపుట కింకను సిద్ధముగా లేదు; ఉపాధ్యాయినిగా పంపినది. వైద్యురాలను పెట్టుకొని వైద్యము వలదన్న ఆ మండలికి గుంటూరి రోగులే బుద్ధి చెప్పిరి. వారు ఆమెను విడువలేదు. 1885 చివరను గాని ఆమెకు వైద్యసేవకురాలిగా నియామకము లభింపలేదు. స్త్రీలకును శిశువులకును ఆస్పత్రి వెలసినది. ఏలూరు జమీందారు, సాహిత్యాభిమాని, మంత్రిప్రగడ భుజంగరావుగారు రోగుల బంధువులు నిలుచుటకు వసతిగృహము కట్టించి యిచ్చిరి. నలువదియేడేండ్ల సంబంధము పిమ్మట 1930లో ఆమె గుంటూరులోనే మరణించెను.

ఈ కథను మన సంస్కర్తలు ప్రీతితో చెప్పుకొందురు. చెప్పుకొనవలసినదే. పురుషవైద్యుడు గడప దాటరాని యిండ్లలో ప్రసవవేదనతో ప్రాణములు విడుచుచుండిన మన అవ్వలకు ఆ ఆస్పత్రి ఎంత యాధారమైనదో గృహిణులైన చదువరులకు మేము చెప్పబనిలేదు. కాని అగ్రవర్ణపు గడపకు ఆ వైద్యురాలి మాటను ముందుగా మోసికొని పోయినదెవరు? లోపలి స్త్రీలతో వారి భాషలో మాటాడి, భయము పోగొట్టి, బండి యెక్కించినదెవరు? రక్తము కడిగి, రాత్రులు మేలుకొని, అంటు పాటించువారిచేతనే మంచినీళ్లు త్రాగించినదెవరు? బైబిలుస్త్రీలు, నర్సులు, ఆయాలు. వారిలో పలువురు పల్లెలనుండి, మాలపల్లెలనుండి వచ్చిన తెలుగు స్త్రీలు. ఏ చేతి నీరు త్రాగిన కులము పోవునని మన పూర్వులు నమ్మిరో, ఆ చేతినే పట్టుకొని వారి భార్యలు మృత్యుముఖమునుండి వెడలివచ్చిరి. సంస్కరణమనగా ఉపన్యాసమని తలచువారు ఈ దృశ్యమును తలచుకొనవలెను. అస్పృశ్యతపై గుంటూరున వెలువడిన వ్యాసము లన్నిటికంటె ఆ మంచము ప్రక్కనుంచిన నీళ్లలోటా బలమైన వాదము చేసినది.

రెండవది గంజికథ. 'వీరు కఱవుకాలమున గంజికొఱకు మతము మార్చుకొన్నవారు' అనునది దాని సారము. విద్యావంతుల యిండ్లలోనే యిది యెక్కువగా వినవచ్చుట వింత. ఈ కథకు ఆధారముగా చూపబడునది 1876 మొదలు 1878 వఱకు సాగిన ధాత క్షామము. క్షామము సత్యము. ఆ పిమ్మట సంఘములు విరివిగా పెరుగుటయు సత్యము. కాని వెనుక జరిగినదానికి ముందు జరిగినదెల్ల కారణము కాదని న్యాయశాస్త్రము మొదటి పాఠముననే చెప్పును. కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఏకకాలమున జరిగినంతనే కాకి బరువునకు పండు రాలెనని పండితుడు వ్రాయడు.

విషయమును పరీక్షింపుడు. 1832, 1833 సంవత్సరముల నందన క్షామమున గుంటూరుసీమలో లక్షకు మించిన జనము నశించిరి. ఆ క్షామము ముగిసిన తొమ్మిదేండ్లకు గాని హేయరు రాలేదు. పల్నాటి సంఘములు నాటబడినది ధాత క్షామమునకు ఇరువదియేండ్ల ముందు. గంజి పోయు కడవ యేదియు లేని కాలమున బాప్తిస్మము పొందినవారిని గంజికథ ఏ గూటిలో పెట్టును? పొరుగుననున్న ఒంగోలు బాప్తిస్టుల యుదాహరణమును చూడుడు. అచటి మిషనరీ క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున కొంత భాగము గుత్తకు తీసికొని పేదలకు కూలిపని చూపెను. క్షామసహాయము జరుగుచున్నంతకాలము బాప్తిస్మము లీయక నిలిపియుంచెను. సహాయము ముగిసినపిమ్మట, 1878 జూలై 3వ తేదీని, ఒక్కనాటనే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూలి ఆగిపోయినపిమ్మట వచ్చినవారిని కూలికై వచ్చినవారని యెట్లనగలము?

ఇంకను ఒక ప్రశ్న. గంజికై వచ్చినవాడు గంజి లేనినాడు పోవలెను గదా? పోలేదేల? నాలుగైదు తరములవారు, తమకు లాభము లేకున్నను, పెక్కుచోట్ల నష్టమే కలిగినను, ఆ సంఘమునే యంటిపెట్టుకొని యున్నారే! పాలేరు ఆదివారమునాడు పనికి రాననినచో ఆసామి యేమనును? గ్రామదేవత జాతరలో డప్పు కొట్టననినచో, చచ్చిన గొడ్డు మోయననినచో ఊరు ఊరకుండునా? తరతరముల కట్టుబాటును త్రెంచుకొన్నవాని కడుపు మొదట మాడును; పిమ్మటనే గంజి మాట. మఱియు ఆకలిగొన్నవాడు అన్నమడుగుట నేరమా? ఆకలిగొన్నవానికి అన్నము పెట్టనివాడు, పెట్టినవానిని చూపి, 'వీడు తిండి పెట్టి మతము కొన్నాడ'నుట యేపాటి ధర్మము? అడుగవలసిన ప్రశ్న వేఱొకటి గలదు. మన దేవాలయములు, సత్రములు, ధర్మకర్తలు ఉండగా ఆ పల్లెలవారు సముద్రము దాటివచ్చిన క్రొత్తవాని గుమ్మము తొక్కవలసినంత దూరమునకు వారిని నెట్టినదెవరు? గంజికథ ఈ ప్రశ్నను మూసిపెట్టుటకు కల్పింపబడిన మూత.

ఇట్లనుటచేత మిషనునకును ప్రభుత్వమునకును గల పొత్తును మేము దాచుట లేదు. హేయరును గుంటూరున ఆదరించి, వసతి చూపి, సాయము చేసినవాడు ఆనాటి కలెక్టరు హెన్రీ స్టోక్సు. పన్నులు వసూలుచేయు చేయియే మతబోధకునకు చాపబడిన చేయి యైనది. జనులకు ఇది సందేహకారణమగుట సహజము. సంఘచరిత్ర వ్రాయువారు స్టోక్సును కేవలము భక్తుడని పొగడి విడువరాదు. అధికారపు నీడలో ధర్మము నాటబడినపుడు నీడ యెంత, ధర్మమెంత యని కొలిచి చూపవలెను. కాని అదే కలెక్టరు అగ్రవర్ణులకును ఉద్యోగములిచ్చెను గదా! ఆ యుద్యోగములను పొందిన వంశములవారిని ఎవరును గంజివారనుట లేదు. కుంపిణీజీతము గౌరవము, కుంపిణీవాని స్నేహితుడిచ్చిన పలక అవమానము! ఈ కొలబద్దను మేము అంగీకరింపజాలము.

మూడవది మౌనకథ. ఇందులో సంఘమువారే ప్రధానదోషులు. క్రీస్తునందు కులము లేదని వేదికపై చెప్పబడును. కాని గుంటూరు ప్రాంతపు పల్లెలలో లూథరను సంఘమున మాలలు ఎక్కువగా చేరుటయు, బాప్తిస్టు సంఘమున మాదిగలు ఎక్కువగా చేరుటయు ఎవరెఱుగరు? ఒకే యూరిలో మాలపల్లెకు ఒక గుడి, మాదిగపల్లెకు ఒక గుడి. దేవుడొక్కడే, గ్రంథమొక్కటే, కీర్తనలును అవియే. బావి మాత్రము వేఱు, పెండ్లిపందిరి వేఱు, కొన్నిచోట్ల శ్మశానమును వేఱు. ఊరు తమను వాడకు నెట్టినదని యేడ్చినవారు వాడలోనే మఱియొక వాడ కట్టుకొనిరి. తరువాత చేరిన శూద్రకుటుంబములు కొన్ని తమ పూర్వపు మెట్టును విడువలేదు. ఈ సంగతి నెత్తినవానిని 'సంఘద్రోహి' యని నోరు మూయించుట కలదు. దొరలు తమ నివేదికలలో దీనిని వ్రాసికొనిరి. పల్లెవారు తమ యిండ్లలో చెప్పుకొందురు. సంఘము తెలుగులో వ్రాసికొన్న చరిత్రలలో మాత్రము దీనికి చోటు దొరకుట అరుదు.

స్వపరిపాలన విషయమునను ఇట్టి మౌనమే కలదు. ఆంధ్ర యెవాంజెలికల్ లూథరను సంఘమను పేరిట స్వతంత్రమైన కట్టుబాటు ఏర్పడినది 1927లో. అనగా హేయరు వచ్చిన 85 ఏండ్లకు. ఆ సంఘాధ్యక్షపీఠమున తొలి భారతీయుడు రెవరెండు ఇ. ప్రకాశము కూర్చుండినది 1944లో. అనగా 102 ఏండ్లకు. నాలుగు తరములు బోధించి, చదివించి, పూడ్చి, పెండ్లిండ్లు జరిపిన తెలుగువారు అధ్యక్షతకు అర్హులగుటకు నూఱేండ్లు పట్టెనా? అర్హత లేకపోయెనా, అవకాశ మీయబడలేదా? ఈ ప్రశ్నను సూటిగా నడుగక, 'క్రమక్రమమైన వికాసము' అని వ్రాసికొనుట చరిత్ర కాదు, అది మర్యాద. ఇక స్వపరిపాలన చేతికి వచ్చిన పిమ్మటనో? ఇటీవలి దశాబ్దములలో పీఠములను గూర్చియు ఆస్తులను గూర్చియు సంఘములోని పక్షములు న్యాయస్థానముల కెక్కుట లోకవిదితము. పల్లెలలోని పేదలు పిడికెడు బియ్యము తీసి పెట్టి నిలిపిన సంఘపు సొమ్ము వకీళ్ల ఫీజులకు చాలకున్నది. తమ పూర్వులెవరో, వారేమి ధారపోసిరో తెలిసినవారు ఇట్లు చేయుదురా? చరిత్ర మఱచినవానికి ఆస్తి మాత్రమే జ్ఞాపకముండును.

మౌనమునకు వెలుపలివారును బాధ్యులే. గుఱ్ఱము జాషువ 1895లో వినుకొండలో జన్మించెను. గుంటూరి లూథరను సంఘపు ఉపాధ్యాయశిక్షణ పాఠశాలలో పదియేండ్ల కాలము పనిచేసెను. 1941లో 'గబ్బిలము' వెలువరించెను. కవిసభలకు పోయినచో కులమడిగినవారు ఒకవైపు. క్రైస్తవుడవై పురాణములు చదువనేల యని కసరినవారు ఒకవైపు. ఇరువైపుల కఱ్ఱల నడుమ ఆ మహాకవి తలయెత్తి నిలిచెను. నేడు అతనిని మనవాడని రెండు పక్షములును చెప్పుకొనుచున్నవి. కాని అతడు పాఠము చెప్పిన ఆ బడి మన సారస్వతచరిత్రలో ఒక స్థానముగా నెంచబడుట లేదు. 1885లో వెలసి, ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా పేరొందిన విద్యాలయము సైతము మన వ్రాతలలో దొరల కానుకగానే కనబడును. తెలుగువారి విద్యాతృష్ణకు ఫలముగా కనబడదు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు 'మాలపల్లి' వెలువరించిరి. ఆ యేటనే గుంటూరున శారదానికేతనము స్థాపించిరి. ఆ నవలను చదివి కన్నీరు విడిచిన సంస్కర్తలలో ఎందఱు తమ యూరి మాలపల్లెలోని ప్రార్థనామందిరపు మెట్టెక్కి, 'మీ కథ యేమి?' అని యడిగిరి? కాగితముమీది మాలపల్లె మనకు హృద్యము. ఊరి చివరి మాలపల్లె మనకు దూరము.

ఈ చరిత్ర యిప్పుడు త్రవ్వనేల, పోయినది పోయినది గదా యని కొందఱనవచ్చును. పోలేదు. 1950లో వెలువడిన రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల లెక్కను హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ నియమము సడలింపబడినది, క్రైస్తవులకు సడలింపబడలేదు. బాప్తిస్మము పొందిన మాల మాదిగలను ఆంధ్రరాష్ట్రము వెనుకబడిన తరగతుల 'సి' విభాగమున చేర్చి నూటికి ఒక పాలు కేటాయించినది. దీని ఫలితమేమి? ఆదివారము ఒక పేరు, దరఖాస్తులో ఒక పేరు. ఇంటిలో బైబిలు, కాగితముమీద మఱియొక మతము. తాత బాప్తిస్మము పొందిన దినమును మనుమడు దాచుకొనవలసిన దుర్దశ. కులము వలన కలిగిన దెబ్బ బాప్తిస్మపు నీటితో కడిగికొనిపోలేదని ఊరంతయు నెఱుగును. ఒక్క చట్టమే యెఱుగనట్లు నటించుచున్నది. అంటరానితనము మతము నడిగి అంటుకొన్నదా? పల్లెబావి దగ్గఱ నిలిపివేసినవాడు, 'నీవు ప్రభువును నమ్మితివా, రాముని నమ్మితివా?' అని విచారించి నిలిపివేసెనా?

ఈ నియమమునకు సంఘచరిత్రతో గల సంబంధము బాగుగ గమనింపదగినది. బాప్తిస్మపు రిజిస్టరులో మనుష్యుని పేరు, తండ్రిపేరు, గ్రామము, దినము వ్రాయబడును. జమీందారుల కవిలెలలో పాలేరుగా, కరణముల లెక్కలలో తలకట్టుగా మాత్రమే యుండిన మనుష్యునకు తన పేరిట ఒక పంక్తి దొరకినది ఆ పుస్తకములోనే. రాజులకు శాసనములు గలవు, బ్రాహ్మణులకు గోత్రప్రవరలు గలవు, భట్రాజులు పొగడిన వంశావళులు గలవు. పల్లెవానికి గలది ఆ యొక్క పంక్తి. మన చట్టము దానిని వానికి గర్వకారణము గాక ప్రమాదకారణముగా చేసినది. కావున ఆ పుస్తకములు పెట్టెల అడుగున పడి చెదలకు ఆహారమైనను అడుగువాడు లేడు. అడుగుటకు భయపడువారు మాత్రము కలరు. మిషనరీలు తమ దేశమునకు వ్రాసిన లేఖలును, పంపిన నివేదికలును అమెరికా దస్త్రశాలలలో భద్రముగా నున్నవి. దొరకథకు ఆధారములు సముద్రము కావల సురక్షితము. మనవారి కథకు ఆధారములు మన యింటనే నశించుచున్నవి. ఇంకొక తరము గడచినచో దొరకథ మాత్రమే మిగులును. అప్పుడు దానిని కాదనుటకు సాక్ష్యము లేక, అదియే సత్యమై కూర్చుండును.

కావున చేయవలసిన పనిని స్పష్టముగా చెప్పుచున్నాము. మొదటిది: ప్రతి పారిషునందలి బాప్తిస్మ, వివాహ, మరణపు పుస్తకములను, సంఘసభల తెలుగు తీర్మానములను వెదకి, నకళ్లు తీయించి, రెండు మూడు చోట్ల భద్రపఱుపవలెను. బ్రదికియున్నవారి వివరములు వారి యనుమతి లేక బయటపెట్టరాదు. పత్రము భద్రపఱుచుట వేఱు, చాటింపు వేయుట వేఱు. రెండవది: వృద్ధులైన పంతుళ్లు, ఉపదేశులు, నర్సులు, బైబిలుస్త్రీల కుమార్తెలు ఇంకను జీవించియుండగనే వారి నోటిమాటలను వ్రాసికొనవలెను. మూడవది: ఆ చరిత్రను తెలుగున వ్రాయవలెను, అందు కులకలహములను, ధనాధికారములను, వ్యాజ్యములను దాచరాదు. నాలుగవది: గుంటూరు బడులలో ఊరిచరిత్ర చెప్పునప్పుడు కొండవీటి రెడ్లతో ముగింపక, మాలపల్లె రాత్రిబడిని గూర్చియు చెప్పవలెను. ఇరువదియేండ్లకు పైగా పాఠము చెప్పుచున్నవారము గనుక ఈ నాలుగవదానికి మావంటి పంతుళ్లే పూచీపడవలెనని మేమెఱుగుదుము.

లూథరను నామము ధరించినవారికి ఈ పని క్రొత్తది కాదు. లూథరు 1522లో నూతననిబంధనమును సామాన్యుల జర్మను భాషలో వెలువరించెను. పండితుల లాటినులో దాగియున్నది వంటయింటికిని అంగడివీథికిని దక్కవలెనని ఆయన పట్టుదల. 1524లో జర్మను పట్టణముల పాలకులకు లేఖ వ్రాసి, బడులు పెట్టుడని హెచ్చరించెను. విశ్వాసులందఱును యాజకులే యని బోధించినవాని పేరు పెట్టుకొన్న సంఘము తన చరిత్రలో దొరలను మాత్రము యాజకులను చేసి, తక్కినవారిని జనసంఖ్యగా వ్రాయుట యెట్లు పొసగును? దేవునివాక్యము తెలుగున ఉండవలెను గాని దేవునిప్రజల కథ ఇంగ్లీషుననే యుండవలెనా?

సంఘము వెలుపలనున్న సంస్కారప్రియులకు మా మనవి యొకటి గలదు. ఇది వారి మతవ్యవహారము, మనకేల యని తొలగకుడు. బాప్తిస్మము వారిది, వారిని అటు నడిపిన చరిత్ర మనది. మన బావులు, మన వీథులు, మన పంక్తిభోజనములు ఆ చరిత్రలో పాత్రలు. ఆ కథను వారు వ్రాసినపుడు అందు మన తాతల ముఖములును కానవచ్చును. అవి యన్నియు అందముగా నుండవు. అద్దమున వికారము కనబడెనని అద్దమును బోర్లించువాడు సంస్కర్త కాజాలడు. దొర ఒకడు వచ్చి వెలుగు తెచ్చెననుటయు, గంజికి ఆశపడి జనులు పోయిరనుటయు మనకు సుఖమైన మాటలే. ఏలయనగా రెండిటియందును పల్లెవాడు తనంతట తాను ఏమియు చేయడు. ఒకదానిలో వానిని లేపుదురు, రెండవదానిలో వానిని కొందురు. మేము నమ్ముచున్నది వేఱు. వాడు విచారించెను, తూచుకొనెను, ఎన్నుకొనెను, ఎన్నుకొన్నదానికి వెలయిచ్చెను. ఆ యెన్నిక మంచిదా చెడ్డదా యని తరువాత వాదింతము. ముందుగా అది వాని యెన్నిక యని యొప్పుకొని, వాని పేరు వ్రాయుదము. ఆ పేరుగల పుటను చెదలు ముట్టకమునుపే వ్రాయుదము.